నియో జియో బోర్డులో చచ్చిపోయిన చార్జింగ్ బ్యాటరీ మార్చడం ఎలా?

పాత ఆర్కేడ్ బోర్డు, అంటే వీడియో గేమ్ షాపు మిషన్లలో ఉండే సర్క్యూట్ బోర్డు, కొన్నవాళ్ళందరూ నన్ను దాదాపు ఒకటే అడుగుతారు. "బోర్డు మీద చిన్న బ్యాటరీ ఒకటి ఉందండీ, చుట్టూ ఏదో పచ్చగా పట్టింది. దాని బదులు ఏం వేయాలి?"

ఏం వేయాలన్నది తర్వాత చూద్దాం. అసలు ఆ పాతది ఇంకా బోర్డు మీద ఎందుకు ఉంది? బ్యాటరీ చచ్చిపోయినంత మాత్రాన బోర్డుకు ఏమీ కాదు. బోర్డును తినేసేది అందులోంచి కారే ద్రవం. కాబట్టి పాతది ఈ రోజే తీసేయండి. కొత్తది వచ్చే నెల వేసుకున్నా, అసలు వేయకపోయినా ఆట ఆడుతుంది. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. అది మొదటి మెట్టులోనే చెప్తాను. అది చదివాకే కట్టర్ చేతిలోకి తీసుకోండి.

ఇక్కడ నేను చెప్పేది ఎస్ఎన్‌కే కంపెనీ 1990లో తెచ్చిన నియో జియో ఎంవీఎస్ బోర్డుల గురించి. క్యాసెట్ మార్చి ఆట మార్చుకునే రకం. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మెటల్ స్లగ్ లాంటివి వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళలు పోసి ఆడినవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. ఈ వరసలో ఎంవీ-1, ఎంవీ-2ఎఫ్, ఎంవీ-4ఎఫ్ లాంటి బోర్డుల్లో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం చార్జింగ్ బ్యాటరీ ఉంటుంది. పవర్ ఆపినప్పుడు ఆపరేటర్ సెట్టింగులు, నాణేల లెక్క, స్కోర్లు, గడియారం పోకుండా చూడటమే దాని పని. తర్వాత వచ్చిన కొన్ని బోర్డుల్లో బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. అవి ఇంతలా కారవు. 1980ల నాటి బల్లీ కంపెనీ పిన్‌బాల్ బోర్డులు, 286, 386 కంప్యూటర్ల మదర్‌బోర్డుల మీద కూడా ఇలాంటి 3.6 వోల్టుల బ్యాటరీయే కనిపిస్తుంది. శుభ్రం చేసే పద్ధతి వాటికీ ఇదే.

కావలసినవి

- సోల్డరింగ్ ఐరన్. వేడి తగ్గించి పెంచుకునేదైతే మంచిది. 25 వాట్ల మామూలుదైనా పని నడుస్తుంది, కాకపోతే ఓపిక కావాలి.
- 60/40 సోల్డర్ వైర్, ఫ్లక్స్, డీసోల్డర్ పంపు, రాగి విక్ (కరిగిన సోల్డర్‌ను పీల్చుకునే రాగి అల్లిక).
- మల్టీమీటర్. బీప్ మోడ్ (దారి తెగకుండా ఉంటే బీప్‌మనేది) తప్పనిసరి.
- చిన్న సైడ్ కట్టర్, పాత టూత్ బ్రష్, ఇయర్ బడ్స్.
- కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్. అది లేకపోతే గ్లాసు నీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు.
- డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్‌కి పోసేదే.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది.
- చేతి తొడుగులు, కళ్ళద్దాలు.
- కొత్త బ్యాటరీ. ఏది కొనాలో ఆరో మెట్టులో చెప్తాను. అది చదవకుండా ఆర్డర్ పెట్టొద్దు.
- ట్రాక్ (బోర్డు మీద కరెంటు పారే రాగి గీత) తెగిపోయి ఉంటే అతకడానికి సన్నటి వైరు, 30 గేజ్‌ది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి. మిగతా ఊళ్ళవాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

1. ఇది తీయదగిన బ్యాటరీయేనా?

కొన్ని ఆర్కేడ్ బోర్డుల్లో బ్యాటరీ పోతే ఆటే పోతుంది. క్యాప్‌కామ్ కంపెనీ సీపీఎస్-2 బోర్డుల్లో ఆటను విప్పే తాళం చెవి లాంటి సమాచారం బ్యాటరీ మీద బతికే మెమరీలో ఉంటుంది. బ్యాటరీ తీస్తే అది చెరిగిపోతుంది, తెర మీద ఒకే రంగు తప్ప ఏమీ రాదు. అందుకే వాటిని సూసైడ్ బ్యాటరీలంటారు. మనవాళ్ళు ముస్తఫా అని పిలుచుకున్న ఆట ఒరిజినల్ క్యాప్‌కామ్ బోర్డుదీ ఇదే జాతి. సెగా బోర్డుల్లో ఎఫ్‌డీ1094 అని రాసి ఉండే పెద్ద నల్లటి చిప్పు లోపల కూడా బ్యాటరీ ఉంటుంది. సీపీఎస్-2కి ఆ తాళం తిరిగి రాసే పద్ధతి 2016లో బయటికొచ్చింది కాబట్టి ఇప్పుడు మరీ అంత భయం లేదు. అయినా తెలియకుండా చేయి పెట్టే పని కాదది.

ఎంవీఎస్‌లో ఆ గొడవ లేదు. బ్యాటరీ పూర్తిగా తీసేసి పవర్ ఇచ్చినా ఆట మొదలవుతుంది. పోయేది సెట్టింగులు, స్కోర్లు, తేదీ మాత్రమే.

మరి మీ చేతిలో ఉన్నది ఏ రకం? బ్యాటరీ ఒంటి మీద చూడండి. 3.6 వోల్టులు అని ఉండి, నికెల్ కాడ్మియం అనో, మిల్లీ యాంపియర్ అవర్లతో పాటు చార్జింగ్ వివరాలో రాసి ఉంటే చార్జింగ్ రకం. లిథియం అని ఉంటే ఆగండి. సీపీఎస్-2ది కూడా 3.6 వోల్టులే. వోల్టేజీ ఒక్కటే చూసి నిర్ణయించుకున్నవాళ్ళు మంచి మంచి బోర్డులు పోగొట్టుకున్నారు.

2. పవర్ తీసేసి బోర్డు బల్ల మీదికి తెచ్చుకోండి

క్యాబినెట్‌లోనే ఉంచి వంగి పని చేద్దామనుకోవద్దు. పాత మానిటర్ పిక్చర్ ట్యూబు మీద వేల వోల్టులు ఉంటాయి, ఆపేశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటాయి. కనెక్టర్ లాగి, క్యాసెట్ తీసి, బోర్డు బయటికి తెచ్చుకోండి. పవర్ ఉండగా క్యాసెట్ పెట్టడం, తీయడం ఎప్పుడూ చేయకూడదు.

ఇప్పుడు ఫోన్ తీసుకుని బ్యాటరీ చుట్టూ అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. బోర్డు వెనక వైపు కూడా. "ప్లస్ ఏ వైపు ఉండేదబ్బా?" అన్న అనుమానం రాత్రి పదకొండింటికి తప్పకుండా వస్తుంది.

ఏదైనా తాకేముందు ఒక్కసారి పరీక్షగా చూడండి. బ్యాటరీ చివర్ల దగ్గర తెల్లటి పొడి, రాగి మీద ఆకుపచ్చ చిలుము, పచ్చటి పూత కింద నల్లబడిన ట్రాకులు, మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగిన సోల్డర్. వీటిలో ఏది కనిపించినా కారినట్టే. ఎంత దూరం పాకిందో పెన్సిల్‌తో కాగితం మీద బొమ్మ గీసుకోండి. తర్వాత మీటర్ పట్టుకుని వెతకాల్సిన చోటు అదే.

3. పాత బ్యాటరీ తీయడం

నేరుగా ఐరన్ పెట్టి లాగొద్దు. బ్యాటరీ కాళ్ళలో ఒకటి బోర్డు గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. ఆ పెద్ద రాగి పొర మీరిచ్చే వేడినంతా లాగేసుకుంటుంది. పైగా కారిన చోట సోల్డర్ కరగనే కరగదు. బలంగా లాగితే కాలితో పాటు ప్యాడ్, అంటే కాలు అతికి ఉండే రాగి బిళ్ళ, కూడా ఊడి వస్తుంది. నా మొదటి ఎంవీ-1 మీద నేను చేసిన ఘనకార్యం అదే. ఆ ప్యాడ్ ఇప్పటికీ ఒక సీసాలో దాచుకున్నాను.

ఇలా చేయండి:

ముందు కట్టర్‌తో బ్యాటరీ రేకు కాళ్ళను ఒక్కొక్కటిగా కత్తిరించండి. రెండు కాళ్ళు ఒకేసారి కట్టర్‌కి తగలకూడదు, తగిలితే షార్ట్ అవుతుంది. చచ్చిన బ్యాటరీలోనూ నిప్పురవ్వ పుట్టేంత చార్జి మిగిలి ఉండొచ్చు. బ్యాటరీ ఒళ్ళు చేతికి వచ్చేశాక బోర్డు మీద రేకు ముక్కలు మాత్రం మిగులుతాయి. ఒక్కో ముక్క దగ్గర పైపైన గీకి, ఫ్లక్స్ రాసి, కొత్త సోల్డర్ కాస్త కలపండి. కొత్త సోల్డర్ కలిస్తేనే పాతది కరుగుతుంది. ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టి, కరిగాక ముక్కను పట్టకారుతో మెల్లగా పైకి ఎత్తండి. రంధ్రంలో మిగిలినదాన్ని పంపుతో గానీ విక్‌తో గానీ లాగేయండి.

ద్రవం కారిన చోట సోల్డర్ వేడెక్కితే ఘాటైన వాసన వస్తుంది. అది పీల్చొద్దు. కిటికీ తెరిచి, ఫ్యాన్ గాలి మీ ముఖం మీదికి కాకుండా బయటికి పోయేలా పెట్టుకోండి.

తీసిన బ్యాటరీలో కాడ్మియం ఉంటుంది, విషం. ప్లాస్టిక్ కవర్లో వేసి మూట కట్టండి. చెత్తబుట్టలో వేయొద్దు, మంటలో అసలే వేయొద్దు. మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా అప్పజెప్పాలి. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇచ్చేయండి.

4. కారినదాన్ని కడగడం

అసలు పని ఇదే. బ్యాటరీ పెట్టడానికి పది నిమిషాలు చాలు, దీనికి సగం రోజు కేటాయించుకోండి.

నికెల్ కాడ్మియం బ్యాటరీలోంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. క్షారాన్ని చంపాలంటే పులుపు కావాలి. ఇక్కడే చాలామంది వంట సోడా రాస్తున్నారు. వంట సోడా కారు బ్యాటరీ యాసిడ్‌కి మందు, అదీ క్షారమే. క్షారం మీద క్షారం పోస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. తెల్లటి పొడి ఇంకాస్త పెరుగుతుంది, బోర్డు శుభ్రమైందన్న భ్రమ మిగులుతుంది.

తొడుగులు వేసుకుని, ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో ముంచి చిలుము పట్టిన చోట రాయండి. బుసబుసమని చిన్న నురగ వస్తుంది. బ్రష్‌తో మెల్లగా రుద్దండి. నురగ ఆగేదాకా రాస్తూ, తుడుస్తూ ఉండండి. ఐదు నిమిషాలకు మించి వెనిగర్‌ను బోర్డు మీద నిలవ ఉంచొద్దు. చిలుము అయిపోయాక అది మంచి రాగి మీద పడుతుంది. బోర్డు మొత్తాన్ని వెనిగర్‌లో నానబెట్టాననే పెద్దమనుషులు కూడా ఉన్నారు. మీరు ఆ పని చేయకండి.

తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో ఆ చోటు రెండు మూడు సార్లు కడగండి. వెనిగర్ మిగిలిపోతే అది ఇంకో తుప్పుకు విత్తనం. చివరగా ఆల్కహాల్‌తో కడిగితే తడిని లాక్కుపోతుంది. బోర్డును నిలువుగా ఆనించి ఫ్యాన్ కింద పెట్టండి. ఎండాకాలమైతే ఒక పూట చాలు. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో ఒక పూర్తి రోజు ఆగండి. చిప్పుల కింద, సాకెట్ల లోపల తడి కంటికి కనిపించదు.

ఆరాక భూతద్దం పెట్టి చూడండి. పచ్చటి పూత కింద ఇంకా నల్లటి గీతలు ఉన్నాయా? ఉంటే ఆ పూతను బ్లేడు అంచుతో గానీ ఫైబర్ గ్లాస్ పెన్‌తో గానీ మెల్లగా గీకి, మెరిసే రాగి కనిపించేదాకా వెళ్ళి, మళ్ళీ వెనిగర్, నీళ్ళు, ఆల్కహాల్. విసుగే. కానీ పూత కింద దాక్కున్న క్షారం బ్యాటరీ లేకపోయినా తింటూనే ఉంటుంది. బ్యాటరీ తీసేశాను కదా అని ఒక బోర్డును ఇలా కడగకుండానే బీరువాలో పెట్టాను. ఒక వానాకాలం గడిచాక తీసి చూస్తే మూడు ట్రాకులు మాయం.

5. ట్రాకులు తెగాయేమో చూడటం

మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టండి. మీరు గీసుకున్న బొమ్మలో ఎన్ని ట్రాకులు ఉన్నాయో అన్నింటినీ ఒక చివర నుంచి ఇంకో చివరకు పరీక్షించండి. బోర్డు ఒక వైపు నుంచి రెండో వైపుకు దిగే చిన్న రంధ్రాలను మరీ జాగ్రత్తగా చూడండి. ద్రవం అందులో నిలిచి లోపలి గోడను తినేస్తుంది. పైకి బాగానే ఉంటుంది, బీప్ మాత్రం రాదు.

తెగిన ట్రాకుకు రెండు వైపులా పూత గీకి, సోల్డర్ పూసి, 30 గేజ్ వైరుతో అతకండి. వీలైతే ట్రాకు మీదే కాకుండా అది చేరే చిప్పు కాలు నుంచి ఇంకో చిప్పు కాలుకు వైరు వేయడం మేలు. చూడ్డానికి అందంగా ఉండదు గానీ గట్టిగా ఉంటుంది. గీకిన రాగి మీద పారదర్శకమైన నెయిల్ పాలిష్ ఒక పూత వేస్తే మళ్ళీ చిలుము పట్టదు. కాకపోతే అన్ని పరీక్షలూ అయ్యాకే వేయండి.

6. ఏ బ్యాటరీ వేయాలి?

నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది, అసలు ఏమీ వేయకపోవడం. ఇంట్లో సరదాకు ఆడుకునేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. ఫ్రీ ప్లే (నాణెం వేయకుండా ఆడటం) కావాలంటే బోర్డు మీద డిప్ స్విచ్‌లలో, అంటే వరసగా ఉండే బుల్లి స్విచ్‌లలో, ఏడోది ఆన్ చేస్తే సరి, దానికి బ్యాటరీతో పనిలేదు. స్కోర్లు పోతాయంతే.

రెండోది, 3.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్. ఇంట్లో కార్డ్‌లెస్ ఫోన్లకు వాడేవాళ్ళు చూడండి, మూడు సెల్స్ కలిపి ప్లాస్టిక్ చుట్టి రెండు వైర్లు వేలాడేది, అదే. బోర్డు చార్జింగ్ సర్క్యూట్ దీనికి సరిపోతుంది, ఏమీ మార్చక్కర్లేదు. ఒకటే షరతు: బోర్డుకు సోల్డర్ చేయకండి. వైర్లు అర అడుగు పొడిగించి, క్యాబినెట్ గోడకు గానీ మెటల్ ఛాసిస్ బయట గానీ కట్టండి. ఇదీ ఏదో ఒక రోజు కారుతుంది, కారినప్పుడు చెక్క మీద కారాలి. ముందుగా చార్జ్ చేసిన ప్యాక్ పెట్టడం మంచిది. బోర్డు ఇచ్చే చార్జింగ్ కరెంటు చాలా తక్కువ, ఖాళీ ప్యాక్ నిండాలంటే రోజులు పడుతుంది.

మూడోది, సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ. 3 వోల్టులు, ప్రతి ఊళ్ళో దొరుకుతుంది, కారడం అరుదు. నా బోర్డుల్లో నేను వేసేది ఇదే. కానీ ఇది చార్జ్ చేయకూడని బ్యాటరీ. బోర్డు మాత్రం పవర్ ఉన్నంతసేపూ చార్జ్ చేయాలనే చూస్తుంది. అందుకే మధ్యలో కరెంటును ఒక వైపుకే పోనిచ్చే డయోడ్ తప్పదు. అది లేకుండా పెడితే బిళ్ళ ఉబ్బుతుంది, కారుతుంది, పగలనూ వచ్చు.

నాలుగోది, 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్, 1 ఫ్యారడ్‌ది. వారానికి ఒకసారైనా ఆడేవాళ్ళకు పనికొస్తుంది. బోర్డు 5 మైక్రో యాంపియర్లు తాగుతుందనుకుంటే దాదాపు వారం రోజులు నిలుపుతుంది. 2.7 వోల్టులది కొనొద్దు, చార్జింగ్ వోల్టేజీని తట్టుకోలేదు.

ఎల్ఐఆర్2032 గురించి కూడా అడుగుతారు. చూడ్డానికి సీఆర్2032 లాగే ఉంటుంది, చార్జింగ్ రకం కాబట్టి సరిపోతుందని అనుకుంటారు. అది లిథియం అయాన్, 4.2 వోల్టుల దగ్గర చార్జింగ్ కచ్చితంగా ఆగాలి. ఈ బోర్డులకు ఆగడం తెలీదు. వద్దు.

7. బిళ్ళ బ్యాటరీ పెట్టే విధానం

బిళ్ళను నేరుగా సోల్డర్ చేయొద్దు, వేడికి పాడవుతుంది. పది రూపాయల హోల్డర్ కొనండి. కలిపే క్రమం ఇది: హోల్డర్ ప్లస్ నుంచి డయోడ్, డయోడ్ నుంచి బోర్డు ప్లస్ ప్యాడ్. హోల్డర్ మైనస్ నేరుగా బోర్డు మైనస్ ప్యాడ్‌కి. డయోడ్ మీద గీత ఉన్న వైపు బోర్డుకి, గీత లేని వైపు బ్యాటరీకి.

డయోడ్ 1ఎన్4148 వాడండి. 1ఎన్5817 లాంటి షాట్కీ రకం డయోడ్‌లో వోల్టేజీ నష్టం తక్కువని చాలామంది అదే వేస్తారు. నిజమే, కానీ అది వెనక్కి కొంచెం కొంచెం కరెంటును వదులుతుంది. మనం డయోడ్ పెడుతున్నదే ఆ వెనక్కి వచ్చేదాన్ని ఆపడానికి కదా. వోల్టేజీ మరీ సరిపోకపోతే బీఏటీ85 వేయండి, అది షాట్కీయే అయినా లీకేజీ తక్కువ.

డయోడ్ బదులు బోర్డు మీదున్న చార్జింగ్ రెసిస్టర్‌ను తీసేసేవాళ్ళూ ఉన్నారు. ట్రాకు వెంబడి పోయి గుర్తుపట్టగలిగితే అదీ మంచి పనే. కానీ ఒకే రెసిస్టర్ గుండా చార్జింగ్, బ్యాకప్ రెండూ నడిచే డిజైన్ అయితే అది తీసిన వెంటనే బ్యాకప్ కూడా పోతుంది. నమ్మకం లేకపోతే డయోడ్ దారే పట్టండి.

హోల్డర్‌ను పాత బ్యాటరీ ఉన్న చోట రెండు వైపుల టేప్‌తో అతికించొచ్చు. కింద గీకిన ట్రాకులు ఉంటే ముందు ఇన్సులేషన్ టేప్ వేయండి.

8. పని సరిగ్గా జరిగిందా? నాలుగు పరీక్షలు

పరీక్ష ఒకటి: బిళ్ళ పెట్టకుండా పవర్ ఇచ్చి, హోల్డర్ ప్లస్, మైనస్ మధ్య వోల్టేజీ చూడండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. నాలుగైదు వోల్టులు కనిపిస్తే డయోడ్ తిరగబడింది లేదా షార్ట్ అయింది. అలాగే ఉంచి బిళ్ళ పెట్టొద్దు.

పరీక్ష రెండు: పవర్ తీసేసి, బిళ్ళ పెట్టి, బ్యాకప్ మెమరీ చిప్పు దగ్గర వోల్టేజీ చూడండి. 28 కాళ్ళ ర్యామ్‌లో 28వ కాలు ప్లస్, 14వది గ్రౌండ్. బోర్డు మీద ఇలాంటి ర్యామ్‌లు చాలా ఉంటాయి. పవర్ లేనప్పుడు కూడా వోల్టేజీ కనిపించే జతే బ్యాకప్‌ది. అక్కడ 2 వోల్టులకు పైన ఉండాలి. 2.2కి తగ్గితే అంచుకు వచ్చినట్టే, డయోడ్‌ను బీఏటీ85కి మార్చండి. అసలేమీ లేకపోతే దారిలో ఎక్కడో ట్రాకు తెగి ఉంది, ఐదో మెట్టుకు వెళ్ళండి.

పరీక్ష మూడు: బ్యాటరీ ప్లస్ వైరు మధ్యలో 10 కిలో ఓమ్ రెసిస్టర్ తాత్కాలికంగా పెట్టి, పవర్ ఆపి ఉండగా దాని మీద మిల్లీ వోల్టులు కొలవండి. 10 మిల్లీ వోల్టులంటే 1 మైక్రో యాంపియర్. 220 మిల్లీ యాంపియర్ అవర్ల బిళ్ళ 5 మైక్రో యాంపియర్లతో లెక్క ప్రకారం ఐదేళ్ళు వస్తుంది. 100 మైక్రో యాంపియర్లు లాగుతుంటే మూడు నెలలే. అంత ఎక్కువ కనిపిస్తే మీ క్లీనింగ్ పూర్తి కాలేదన్నమాట. మిగిలిన చిలుము రెండు ట్రాకుల మధ్య కరెంటును పారనిస్తోంది. "కొత్త బ్యాటరీ నెలకే అయిపోయిందండీ, నకిలీది ఇచ్చారు" అని షాపువాళ్ళతో పోట్లాడేముందు ఈ పరీక్ష చేయండి.

పరీక్ష నాలుగు: టెస్ట్ బటన్ నొక్కి గానీ, మొదటి డిప్ స్విచ్ ఆన్ చేసి గానీ సర్వీస్ మెనూలోకి వెళ్ళండి. తేదీ, టైమ్ సెట్ చేయండి. ఏదో ఒక సెట్టింగ్ మార్చండి. పవర్ ఆపి గంట ఆగి చూడండి, తర్వాత రాత్రంతా ఆపి పొద్దున చూడండి. ఐదు నిమిషాలు ఆపి చూసి సంబరపడొద్దు. బోర్డులోని కెపాసిటర్లలో మిగిలిన చార్జితోనే మెమరీ కాసేపు బతుకుతుంది. పొద్దున సెట్టింగ్ అలాగే ఉండి, గడియారం సరైన టైమ్ చూపిస్తే పని అయినట్టే.

తెర మీద ఎర్రర్ వస్తే

బ్యాకప్ ర్యామ్ ఎర్రర్ అని ఒక అడ్రస్, రాసిన విలువ, చదివిన విలువ చూపిస్తే బ్యాటరీని అనుమానించొద్దు. బ్యాటరీ లేకపోయినా ఆ ర్యామ్‌కు బోర్డు పవర్ అందుతుంది కాబట్టి రాసింది రాసినట్టే చదవగలగాలి. ర్యామ్‌కు వెళ్ళే ట్రాకు తెగింది, లేదా చిప్పు కాలే తుప్పు పట్టింది. ఎక్కువసార్లు ట్రాకే. చిప్పు మార్చేముందు దాని 28 కాళ్ళనూ బీప్ మోడ్‌లో చూడండి.

క్యాలెండర్ ఎర్రర్ వస్తే గడియారం చిప్పు దగ్గరికి వెళ్ళండి. దాని మీద డీ4990ఏ అని ఉంటుంది. పక్కనే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్, చిన్న వెండి గొట్టంలా కనిపిస్తుంది. ద్రవం దాని కాళ్ళను తింటే గడియారం నడవదు. క్రిస్టల్ చవక, మార్చేయండి.

తెర మీద ఏమీ రాకుండా టక్ టక్‌మంటూ బోర్డు తనంతట తాను రీసెట్ అవుతుంటే కంగారు పడి చిప్పులు పీకొద్దు. ముందు బోర్డు మీద 5 వోల్టులు సరిగ్గా అందుతున్నాయో చూడండి, పాత పవర్ సప్లైలు బరువు పడగానే 4.7కి జారిపోతాయి. అది బాగుంటే చిలుము పాకిన చోట అడ్రస్, డేటా ట్రాకులు మళ్ళీ పరీక్షించండి. నియో జియోకు డయాగ్నస్టిక్ బయాస్ అని ఒకటి ఉంది (బయాస్ అంటే పవర్ ఇవ్వగానే బోర్డు మొదట నడిపే ప్రోగ్రాం). దాన్ని ఈప్రామ్ అనే మెమరీ చిప్పులో రాయించి అసలు బయాస్ స్థానంలో పెడితే ఏ ర్యామ్‌లో తప్పుందో అదే చెప్తుంది. రెండో బోర్డు బాగు చేసే ఉద్దేశం ఉన్నవాళ్ళకు ఆ ఖర్చు దండగ కాదు.

ఇక మిగిలింది హోల్డర్ పక్కన చిన్న స్టిక్కర్ మీద ఈ రోజు తేదీ, బ్యాటరీ రకం రాసి అంటించడం. సీఆర్2032 అయితే "చార్జింగ్ రకం పెట్టొద్దు" అని కూడా రాయండి. ఐదేళ్ళ తర్వాత ఆ బిళ్ళ మార్చేది మీరో, మీ దగ్గర ఆ బోర్డు కొన్న ఇంకెవరో.